సాక్షి గడిలో సంతకం

(ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్ పదవీ విరమణ సభలో, స్టెరిలైజేషన్ గదిలో పనిచేసే స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటుగారికి, ఆయన పక్కనే కూర్చుని ఇప్పటికి మూడుసార్లు వాచీ చూసుకున్న మా మత్తు డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని డాక్టర్లకు, అక్కలకు, అన్నలకు, డ్యూటీ మధ్యలో వచ్చి గోడవారగా నిలబడిన ఆయమ్మలకు, టీ ఎప్పుడొస్తుందా అని వెనక వరుసల్లోంచి తలుపు వైపు చూస్తున్న ట్రైనింగ్ అమ్మాయిలకు, అందరికీ నమస్కారం. పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, స్టెరైల్ ట్రే పట్టుకున్నట్టు రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్న మా ఇన్‌ఛార్జి సిస్టర్‌గారికి విడిగా ఇంకో నమస్కారం. (నవ్వులు)

నా పేరు పిలవగానే హాల్లో చిన్న గుసగుస వినిపించింది. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. "ఈ పిల్లా? ఈ పిల్ల మాట్లాడటమేంటి?" అన్నారెవరో. మీకే కాదు, అధ్యక్షులవారికీ ఆ సందేహం వచ్చినట్టుంది, అందుకే నాకు మూడు నిమిషాలన్నారు, నాకు ముందు మాట్లాడిన స్టోర్స్ అన్నకు పది నిమిషాలిచ్చారు, ఆయన ఇరవై తీసుకున్నారు. (నవ్వులు) నన్ను ఈ జాబితాలో చేర్చమన్నది సిస్టర్‌గారే. నిన్న పొద్దున్న నా గదికొచ్చి, "రేపు నువ్వు మాట్లాడాలే" అన్నారు. ఏం మాట్లాడను సిస్టర్ అంటే, "నాకు కోపమెక్కువని చెప్పు, నవ్వుతారు. ఆ సంగతి మాత్రం ఎత్తావంటే స్టేజీ మీదే చెవి మెలేస్తా" అన్నారు.

కాబట్టి ముందు కోపం సంగతి చెబుతాను. ఆవిడ వెనక మనమంతా ఆవిడను "చురకమ్మ" అంటామని ఆవిడకు తెలియదనుకుంటున్నారు కదూ. పదేళ్లుగా తెలుసట. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మాస్కు ముక్కు కిందికి జారిందని, "అమ్మాయ్, ముక్కు నీదేనా, లేక ఇంటికెళ్లేటప్పుడు తిరిగిచ్చేయాలా?" అని అడిగారు. (నవ్వులు) సర్జన్‌గారంతటి ఆయన చెప్పులు మార్చుకోకుండా థియేటర్ గుమ్మం ముందున్న గీత దాటబోతే, నోటితో ఒక్క మాట కూడా అనకుండా ఆయన పాదాల వైపు చూసి ఊరుకున్నారు, ఆయన గీత ఇవతలే ఆగిపోయారు. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఇరవై రెండేళ్లు ఆ థియేటర్లోనే గడిపి, ప్రతి కేసుకీ గడియారంతో పోట్లాడిన మనిషికి, మనం ఇవాళ బహుమతిగా గోడగడియారం ఇచ్చాం. ఎవరి ఆలోచనో గానీ ధైర్యవంతులు. (నవ్వులు, చప్పట్లు)

ఆవిడ నవ్వారు. నన్ను చెప్పమన్నది చెప్పేశాను. ఇక్కడితో దిగిపోవచ్చు.

(కాసేపు ఆగి)

దిగిపోలేను. రాత్రంతా ఆలోచించే వచ్చాను. సిస్టర్‌గారూ, చెవి మెలేయండి, కానీ చెప్పనివ్వండి.

ఈ ఆస్పత్రిలో నాకూ ఒక పేరుంది. "సీసీ కెమెరా". ఎందుకొచ్చిందో మీ అందరికీ తెలుసు, లేదా తెలుసనుకుంటున్నారు. రెండున్నరేళ్ల కిందట, నర్సింగ్ సూపరింటెండెంటుగా సిస్టర్‌గారికి రావలసిన ఆర్డరు నెలరోజుల్లో చేతికొస్తుందనగా, దాని బదులు మెమో వచ్చింది. రిజిస్టర్లో సాక్షి గడిలో ముందే సంతకాలు పెట్టారని ఆ మెమో. ఆ వారంలోనే నేను థియేటర్లోంచి మాయమయ్యాను. నాలుగు నెలల తర్వాత స్టెరిలైజేషన్ గదిలో తేలాను. ఆ రెండింటినీ కలిపితే ఎవరికైనా ఒకటే లెక్క తేలుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల పైకి చాడీ చెప్పింది, ఆ తల్లిలాంటి మనిషికి పదోన్నతి పోగొట్టింది, పై అధికారులు దాన్ని నాలుగు నెలలు ఎక్కడో దాచి మళ్లీ తెచ్చారు. మీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు.

జరిగింది వేరు. చెబుతాను.

బయటివాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ రిజిస్టరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఆపరేషన్లలో వాడే బలమైన నొప్పి మందు, మత్తుకు అలవాటు చేసే మందు, తాళం బీరువాలో ఉంటుంది. గాజు ఆంపుల్లో ఉన్నదంతా ఒక్క రోగికి అవసరం పడదు. మిగిలినదాన్ని ఇంకొకరి కళ్లముందు సింకులో పారబోయాలి. పారబోసినవాళ్లు ఒక గడిలో, చూసినవాళ్లు పక్క గడిలో సంతకం చేయాలి. పక్క గడి పేరు సాక్షి. ఇదీ నియమం. మన అలవాటు ఏమిటో ఇక్కడున్న థియేటర్ వాళ్లందరికీ తెలుసు. కేసు మధ్యలో గ్లవ్స్ విప్పి ఎవరు సంతకం పెడతారని, పొద్దున్న బీరువా తీసేటప్పుడే ఆరోజు జాబితాలో ఎన్ని కేసులుంటే అన్ని వరసల్లో సాక్షి సంతకాలు పెట్టేసి ఉంచేవారు. సిస్టర్‌గారొక్కరే కాదు. ఆవిడకు ముందున్నవాళ్లూ అంతే, ఆవిడ సెలవులో ఉంటే పెట్టినవాళ్లూ అంతే. ఎవరినీ చూడను లెండి, నేల చూస్తున్నాను. (సన్నటి నవ్వులు) అది దొంగతనానికి చేసిన అలవాటు కాదు, నమ్మకం మీద చేసిన అలవాటు. ఆ నమ్మకాన్ని వాడుకున్నదాన్ని నేను.

సిస్టర్‌గారూ, లేవకండి. కూర్చోండి. దయచేసి. మత్తు డాక్టరుగారూ, కాస్త ఆవిడను కూర్చోబెట్టండి.

నేను మత్తుమందుకు బానిసనయ్యాను. ఏడు నెలలు. ఈ ఆస్పత్రిలో, మీ మధ్యన, ఈ యూనిఫాంలోనే.

ఎలా మొదలైందని ఇప్పుడు మీరు అడగబోతున్నారు, అందరూ మొదట అదే అడుగుతారు, ఏదో పెద్ద కారణం ఉండి ఉంటుందని. నాకలాంటి పెద్ద కారణమేమీ లేదు. బరువైన రోగిని బల్లమీంచి మార్చుతుంటే నడుము పట్టేసింది. పదిరోజులకు మాత్రలు రాశారు. పదోరోజుకి నొప్పి తగ్గింది, పదకొండోరోజున నొప్పి లేదు గానీ, ఏదో లేదు. నేను అద్దెకుండే గది మీలో ఎవరూ చూడలేదు. ఒక మంచం, ఒక స్టవ్వు, పక్కింటివాళ్ల టీవీ శబ్దం వినిపించే గోడ. కాలేజీలో గది నిండా మనుషులుండేవాళ్లు, ఎప్పుడు ఒంటరిగా ఉంటానా అని గింజుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక రోజంతా ముఖం సగం కప్పుకున్న మనుషుల మధ్య, "కత్తెర", "దూది", "సరే" ఈ మాటలు తప్ప నాతో ఎవరూ ఏమీ అనకుండా, నేనూ అనకుండా గడిచేది. అమ్మ ఫోన్ చేస్తే, కుట్టుమిషన్ తొక్కుతూనే మాట్లాడేది, "తిన్నావా" అనేది, "తిన్నా" అనేదాన్ని, మిషన్ శబ్దం ఆగేది కాదు. ఆ మాత్రలు నా నడుముకి ఏం చేశాయో గానీ, అవి వేసుకున్న గంటసేపు ఆ గదిలో ఎవరూ లేరన్న సంగతి నాకు పట్టేది కాదు. అంతే. అంత చిన్నది.

మాత్రలు అయిపోయాక, థియేటర్లో మొదటిసారి సిరంజిలో మిగిలినది సింకు దగ్గరకు తీసుకెళ్లి పారబోయలేదు. ఎలాగూ మురుగులో పోయేదేగా అనుకున్నాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. పక్క గడిలో సంతకం ముందే ఉంది. ట్రైనింగ్ అమ్మాయిలూ, టీ వస్తుంది లెండి, ఇది వినండి. మొదట మిగిలింది తీసుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి మిగిలేది చాలలేదు. అప్పుడు మిగల్చడం మొదలుపెట్టాను.

అర్థమైందా నేనేమన్నానో?

రికవరీ గదిలో తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకివ్వవలసిన దానిలో సగమే ఇచ్చాను. చార్టులో పూర్తిగా రాశాను. పొద్దున్న పదకొండు గంటలు, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, మందిచ్చావా తల్లీ?" అంది. "ఇచ్చాను పెద్దమ్మా. కాస్త ఓర్చుకోండి" అన్నాను. ఆవిడ పెదవి కొరుక్కుని, "ఇచ్చానంటే ఇచ్చే ఉంటావులే. నా ఒళ్లే అంతేమో, మందు పట్టదు" అంది.

తన ఒంటిని తిట్టుకుంది ఆవిడ. నన్ను అనుమానించలేదు. నేను ఆ చెయ్యి విడిపించుకుని పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయాను, నా జేబులో ఉన్నది ఎక్కడ పగిలిపోతుందోనని జాగ్రత్తగా నడుస్తూ. ఈ మత్తు మనిషి ఆరోగ్యం పాడుచేస్తుందని, ప్రాణం తీస్తుందని మీకు క్లాసుల్లో చెబుతారు. నిజమే, తీస్తుంది, నేను చికిత్స తీసుకున్న చోట నా పక్క గదిలో అమ్మాయి తిరిగి ఇంటికి వెళ్లలేదు. కానీ ప్రాణం తీయకముందు అది చేసే పని వేరే ఉంది. ఎదుటిమనిషి నొప్పిని చూస్తూ గడియారం చూసుకునేలా చేస్తుంది. నేను చూసుకున్నాను.

ఇక బయటపడిన రోజు. ఇందులో కాస్త నవ్వొచ్చే సంగతి ఉంది, నవ్వండి, నేనేమీ అనుకోను. ఆరోజు జాబితాలో అయిదో కేసు ఒక బస్సు కండక్టరు, హెర్నియా. రాత్రినుంచి ఏమీ తినకూడదని పదిమంది పదిసార్లు చెప్పాం. మత్తు డాక్టరుగారు బల్ల దగ్గర "ఏమైనా తిన్నారా?" అని అడిగితే, "అబ్బే, మంచినీళ్లు కూడా ముట్టలేదండీ" అన్నాడట, మీసాల నిండా బిస్కెట్ పొడితో. (నవ్వులు) డాక్టరుగారు ఆ మీసాన్ని చూసి, "మరి ఇది ఎవరు తిన్నారు, మీ మీసమా?" అన్నారట. (పెద్దగా నవ్వులు) కేసు రద్దయింది. కండక్టరు వార్డుకి తిరిగెళ్లిపోయాడు. అప్పుడు నేనక్కడ లేను. అతని వరస ముందే నింపేసి, సగం వాడాం, సగం పారబోశాం అని రాసేసి, మందు తీసుకుని బాత్రూంలో గడియ పెట్టుకుని ఉన్నాను. బయటికొచ్చాక రద్దయిన సంగతి కూడా నా బుర్రకెక్కలేదు.

రెండు గంటలకు బీరువా మూసేముందు సిస్టర్‌గారు రిజిస్టరు తిరగేశారు. నన్ను పిలిచారు.

"అమ్మాయ్, కండక్టరుకి మందెప్పుడిచ్చావ్?"

"ఇచ్చాం కదా సిస్టర్. రాశాను కదా."

"రాశావ్. మిగిలింది పారబోశావనీ రాశావ్. అది నేను కళ్లారా చూశానని నా సంతకం కూడా ఉంది. ఆయనేమో అక్కడ వార్డులో టీ తాగుతున్నాడు."

ఆవిడ నా ముఖం వంక చూశారు, నా కళ్లవంక, తర్వాత నా చొక్కా చేతుల వంక చూశారు. ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా. "చేతులు చూపించు" అన్నారు. చూపించాను. అంతవరకూ థియేటర్లో ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు మొదటిసారి, కాలితో స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడు నెలలు."

"అయితే ఏడు నెలలుగా నీతోపాటు నేనూ సంతకం పెడుతున్నానన్నమాట."

నేను కాళ్లు పట్టుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను. పేజీ చింపేయమన్నాను. మెమో వస్తుంది సిస్టర్, మీ ఆర్డరు పోతుంది, నాకోసం కాకపోయినా మీకోసం చింపండి, ఎవరికీ తెలియదు అన్నాను. నా తెలివి చూడండి, ఆ స్థితిలో కూడా ఆవిడ బలహీనత ఎక్కడుందో వెతికి అక్కడే నొక్కాను. ఈ మందు తెలివిని చంపదు, దాన్ని తనపనిలో పెట్టుకుంటుంది. ఆవిడ కాసేపు ఆ పేజీనే చూశారు. చింపడానికి అరక్షణం చాలు. ఆ ఆర్డరు కోసం ఆవిడ ఎన్నేళ్లు ఎదురుచూశారో మీకు నాకంటే బాగా తెలుసు.

"చింపితే నువ్వు చస్తావే" అన్నారు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని, నడవా పొడవునా నన్ను నడిపించుకుంటూ సూపరింటెండెంటుగారి గదికి తీసుకెళ్లారు. ఆ నడవాలో మీలో చాలామంది ఎదురొచ్చారు. మీకు గుర్తుండకపోవచ్చు. ఆవిడ మీద ఫిర్యాదు చేయడానికి నేనే ఆవిడను తీసుకెళ్తున్నానని తర్వాత కథ అల్లుకుంది. చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఎవరూ చూడలేదు.

లోపలికెళ్లి ఆవిడ నా సంగతికంటే ముందు తన సంగతి చెప్పారు. "ముందే సంతకాలు పెట్టింది నేను. ఈ పిల్లకి దారి చూపించింది నా చెయ్యే. శిక్ష నాకు రాయండి. దీనికి చికిత్స రాయండి." సూపరింటెండెంటుగారు రెండూ రాశారు. సార్, మీరు తలదించుకోనవసరం లేదు. నా గుట్టు బయటపెట్టనని ఆరోజు నాకు మాటిచ్చారు, రెండున్నరేళ్లు నిలబెట్టుకున్నారు, మీమీద ఎన్ని మాటలు పడినా. ఇవాళ ఆ గుట్టు నేనే విప్పుతున్నాను కాబట్టి మీరు మాట తప్పినట్టు కాదు.

నాలుగు నెలలు చికిత్స కేంద్రంలో ఉన్నాను. మొదటి పదిరోజుల గురించి మాట్లాడను. అమ్మ ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చేది. ఇరుగుపొరుగుకి ట్రైనింగ్‌కి పంపారని చెప్పిందట. పక్కింటావిడ ఊరుకుంటుందా, "ఏం ట్రైనింగమ్మా, నాలుగు నెలలు?" అని అడిగిందట. కొలతల టేపు మెళ్లో వేసుకుని నిలబడ్డ మా అమ్మ తడుముకోకుండా, "పిల్లలకి కొత్తగా నడవడం నేర్పుతార్లే" అందట. ఆవిడ అది ఫిజియోథెరపీ అనుకుంది. (నవ్వులు) నాతో ఆ మాట చెప్పి అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత ఇద్దరం గోడలు చూస్తూ కూర్చున్నాం.

తిరిగొచ్చాక మందులతో పనిలేని చోట, స్టెరిలైజేషన్ గదిలో వేశారు. ఆ గది నడవా చివర ఉంటుంది. థియేటర్ వైపు ఒక చిన్న కిటికీ ఉంటుంది. వాడిన ట్రేలు ఆ కిటికీ అరుగు మీద పెట్టి తడతారు, నేను తీసి కడిగి, ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెడతాను. వేరేవాళ్లున్నప్పుడు కిటికీ దగ్గర నిలబడి నాలుగు మాటలాడేవాళ్లట. నేనొచ్చాక తట్టి వెళ్లిపోయేవాళ్లు. కిటికీ తీసేసరికి ట్రే ఉండేది, మనిషి ఉండేవాళ్లు కాదు. చెప్పుల చప్పుడునిబట్టి ఎవరో పోల్చుకోవడం నేర్చుకున్నాను. క్యాంటీన్లో నేను కూర్చోగానే ఆ బల్ల దగ్గరున్న అందరికీ ఒకేసారి పని గుర్తొచ్చేది. నేను ఒక్కమాట చెబితే అదంతా ఆగిపోయేది. చెప్పలేదు. చాడీకోరుననే పేరు భరించగలిగాను, ఈ పేరు భరించలేననుకున్నాను. సిస్టర్‌గారు కూడా వద్దన్నారు. "నాకింక రెండేళ్లే. నీకు ముప్పై ఏళ్లుంది. మెమో నాతో పోతుంది, ఆ ముద్ర నీతో ఉంటుంది" అన్నారు. ఆవిడ మంచితనం చాటున నా పిరికితనాన్ని దాచుకున్నాను. మీరు ఆవిడను జాలిగా చూస్తుంటే, "పాపం, అజాగ్రత్త వల్ల పెద్ద పోస్టు పోగొట్టుకుంది" అని ఇవాళ ఇద్దరు వక్తలు మర్యాదగా సూచిస్తుంటే కూడా, ఆవిడ నోరు మెదపలేదు. ఆ మాటతోనే ఆవిడ ఈ గేటు దాటిపోతే నేను ఆ గదిలో ఇంక ఒక్క ట్రే కూడా కడగలేను.

ఇంకొక్క సంగతి. అధ్యక్షులవారు గంట కొట్టకపోవడం చూస్తున్నాను, కృతజ్ఞతలు.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం కిటికీ తట్టారు. ట్రే తీశాను. దూది కింద, పొరపాటున, సగం మందున్న ఆంపుల్ ఉంది. ఆ మందే. ఎవరి పొరపాటో అడగలేదు, ఇప్పుడూ అడగను. గదిలో నేనొక్కదాన్నే. దాన్ని బల్లమీద నిలబెట్టాను. పారబోయవచ్చు కదా అంటారు. నియమం గుర్తుందా, ఒంటరిగా పారబోయకూడదు. నాలాంటిది ఒంటరిగా పారబోశానంటే ఎవరు నమ్ముతారు, అసలు సింకు దాకా దాన్ని చేత్తో తీసుకెళ్తే అక్కడ పారబోస్తానని నేనే నమ్మలేదు. కిటికీని లోపలినుంచి తట్టాను. అవతల చెప్పుల చప్పుడు వచ్చింది, ఆగింది. "సీసీ కెమెరా పిలుస్తోందిరా" అని ఒక గొంతు, నవ్వు, చప్పుడు దూరమైంది. మళ్లీ తట్టాను. ఫోన్ చేశాను, సిస్టర్‌గారు కేసులో ఉన్నారు. నలభై నిమిషాలు, నేనూ, అదీ ఎదురెదురుగా కూర్చున్నాం. చేతులు తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను. ఆ నలభై నిమిషాల్లో నాకు మందు కంటే ఎక్కువగా ఏం కావాలనిపించిందో తెలుసా? ఎవరైనా తలుపు తీసి, "ఏంటి, ఏం చేస్తున్నావ్?" అని అడగడం. తిట్టినా సరే.

కేసు అయిపోగానే సిస్టర్‌గారు గౌను కూడా విప్పకుండా వచ్చారు. బల్ల చూశారు, నన్ను చూశారు. "పద, పొయ్యి" అన్నారు. పోశాను. చివరి చుక్క జారేదాకా రెప్పవేయకుండా చూశారు, రిజిస్టరు తెప్పించి, అప్పుడు పెట్టారు సంతకం. పెట్టాక, "ఇప్పుడొచ్చిందే సంతకం పెట్టడం నాకు" అన్నారు.

నేను తిరిగొచ్చిన రోజునుంచి నిన్నటిదాకా, ఆదివారాలు తప్ప, ప్రతి ఉదయం ఏడున్నరకు ఆవిడ నా గదికొస్తారు. "చేతులు చూపించు" అంటారు. చూపిస్తాను. చూసి, "తిన్నావా?" అంటారు. తినలేదంటే చేతిసంచీలోంచి బ్రెడ్డు తీసి బల్లమీద పెట్టి వెళ్లిపోతారు. రెండు నిమిషాల పని. నేను ఇన్నాళ్లు మందు లేకుండా ఉన్నది ఏ గొప్ప మనోబలంతోనో కాదు, ఏడున్నరకు ఒకరొచ్చి చూస్తారని. రేపు ఏడున్నరకు ఆవిడ రారు. నేను నయమైపోయాను అని చెప్పడానికి ఈ వేదిక ఎక్కలేదు. ఈ జబ్బులో నయమైపోవడమన్నది ఉండదని నాకు చికిత్స చేసిన డాక్టరు చెప్పారు, ఇవాళ్టికి బాగున్నాను అనడమే ఉంటుందట. ఇవాళ్టికి బాగున్నాను.

ఈ సంగతి తెలిశాక నన్నీ ఉద్యోగంలో ఉంచాలా వద్దా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపిస్తే వెళ్లి సూపరింటెండెంటుగారికే చెప్పండి, నడవాలో అనుకోకండి. రికవరీ గదిలో ఆ పెద్దావిడ లాంటివాళ్లు ఇంకా ఎందరో నాకు లెక్క తెలియదు. వాళ్ల విషయంలో మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు మీకు లేదు, నేను అడగను కూడా. అడిగేది రెండే. మొదటిది, సభ అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి సిస్టర్‌గారికి నమస్కారం పెట్టేటప్పుడు ఆ జాలి ముఖాలు తీసేయండి. ఆవిడ అజాగ్రత్తగా ఉన్నది నిజం, ఆవిడే ఒప్పుకున్నారు. దానికి ఆవిడ ఇచ్చుకున్న మూల్యంతో నేను బతికున్నాను, అదీ నిజం. ట్రైనింగ్ అమ్మాయిలూ, మీరు రేపు థియేటర్లోకొస్తారు, మీ ముందు ఆ గడి పెడతారు, చూడకుండా సంతకం పెట్టకండి. మీ స్నేహితురాలే కదా, మంచిపిల్లే కదా అని అసలు పెట్టకండి. నేనూ మంచిపిల్లనే.

సిస్టర్‌గారూ, మీరు ఏడుస్తున్నారు. మిమ్మల్ని ఏడిపించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను ఈ ఆస్పత్రిలో. నన్ను మీ అమ్మాయే అనుకున్నారో, పేషెంటే అనుకున్నారో, ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఇంటికెళ్లి ఏం చేస్తారని అడిగితే, "ఎనిమిదిదాకా పడుకుంటా" అన్నారు మొన్న. పడుకోండి. ఏడున్నరకు మెలకువ వచ్చినా లేవకండి.

ఇక నేనడిగే రెండోది. రేపు ఏడున్నరకు నా గదిలో ఉంటాను. తలుపు తీసి ఉంచుతాను. మీలో ఎవరైనా ఒకరు, ఎవరైనా సరే, నన్ను ఇష్టపడక్కర్లేదు, రెండు నిమిషాలు వచ్చి నా చేతులు చూసి వెళ్లండి.

(నిశ్శబ్దం)

ఇప్పుడే చెప్పనక్కర్లేదు. నేనూ మిమ్మల్ని ఇలా నిలబెట్టి అడగకూడదు. ఎవరూ రాకపోతే ఏడు ముప్పై అయిదుకి నా చేతులు నేనే చూసుకుని ఆటోక్లేవ్ వేసుకుంటాను. అలా ఎన్ని రోజులు చేయగలనో నాకు తెలియదు, చేయగలిగినన్ని రోజులు చేస్తాను.

మూడు నిమిషాలిచ్చి, ఇంతసేపు వాచీ చూడకుండా విన్న పెద్దలకు, నన్ను ఈ జాబితాలో రాయించిన మా సిస్టర్‌గారికి, మధ్యలో లేచి వెళ్లిపోకుండా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. నా తర్వాత మాట్లాడేవాళ్లకు మైకు ఇచ్చేసి, వెనక తలుపునుంచి వెళ్తున్నాను, మూడున్నరకు ట్రేలు వస్తాయి. సెలవు.